తీగ లేని ఎక్సిలేటర్, మూడో మలుపు

నేను నాలుగో తరగతి దాక చదివిన. అక్షరాలు వస్తయ్, ఒత్తులు తప్పుతయ్. ఇరవై ఆరేండ్లు బండి తోలిన, అండ్ల సగం కన్న ఎక్కువ నల్లమల అడవి దారుల్ల. మొన్న పని చాలించుకున్న దినం శాలువ కప్పిన్రు, ఫోటో దిగిన్రు. ఆ ముచ్చట రాయను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉంది, అవి గూడ రాయను. అవి చదివితే ఎవరికీ బండి తోలుడు రాదు.

కొత్తగ స్టీరింగ్ పడుతున్న పిల్లల కోసం రాస్తున్న. నా చేతుల ఒక తప్పు జరిగింది. ఒక మనిషి కాళ్ళ మీదికొచ్చిన తప్పు. అది ఎట్ల జరిగిందో మీకు తెల్వకపోతే మీరు గూడ చేస్తరు. పని రానోళ్ళు ఆ తప్పు చెయ్యరు. బాగ నేర్చుకున్నోళ్ళే చేస్తరు.

రెండు కాళ్ళ పని

మా పుట్టిల్లు గద్వాల అవతల గట్టు దిక్కు. వాన పడితే ఆముదాలు, కందులు, పడకపోతే రాళ్ళు. నన్ను వనపర్తికిచ్చిన్రు. మా ఇంటాయన కిరాయి జీపు తోలుతుండె. షుగరొచ్చి ఆయనకు చూపు మందగించినంక జీపు వాకిట్ల నిలవడ్డది. నిలవడ్డ బండికి తుప్పు తప్ప ఏమొస్తది? అందుకే నేను నేర్చుకున్న. ఆడది జీపు తోలుతదా అని నవ్వినోళ్ళే సంత నాడు నా బండెక్కిన్రు, జర ఆలస్యమైతే నన్నే తిట్టిన్రు. తర్వాత ఒక సంస్థ వాళ్ళు ఊరూరు తిరిగే దవాఖాన బండికి డ్రైవర్ కావాలంటే చేరిన.

బండి తోలుడు మా ఆయన చూపిచ్చిండు గని, బండిని గండం దాటిచ్చుడు నేర్పింది ఖాజా ఉస్తాద్. వనపర్తిల ఆయనది రేకుల షెడ్డు. తిట్టకుంట ఒక్క మాట చెప్పకపోతుండె. ఆయన తిట్ల నడుమ నుంచి నేను ఏరుకున్నది ఇది.

అడవి బండికి మామూలు గేరు కడ్డీ పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉంటది. అది గుంజితే నాలుగు చక్రాలకు బలం పోతది, బండి గానుగెద్దు లెక్క మెల్లగ నడుస్తది, ఎంత ఎత్తైనా ఎక్కుతది. మేము దాన్ని లో గేరు అంటం. గని అండ్ల ఒక లోపముంది. ఒక చక్రం గాలిల లేస్తే, లేకుంటె తడి బండ మీద జారితే, బలమంత ఆ చక్రానికే పోతది. అది సిగ్గులేకుంట తిరుగుతనే ఉంటది, నేల మీదున్న చక్రం చూస్తనే ఉంటది. అప్పుడు కుడి కాలు ఎక్సిలేటర్ మీదుంచి, ఎడమ కాలితోటి బ్రేకును జర ఒత్తాలె. తిరిగే చక్రం తగ్గుతది, బలం పక్క చక్రానికి పోతది, బండి కదుల్తది. రెండు కాళ్ళ పని అంటుండె ఉస్తాద్. గట్టు రాళ్ళల్ల, అడవి వాగుల్ల ఇరవై ఏండ్లు ఈ పని చేసిన. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటికి పోయినట్టు నా ఎడమ కాలు బ్రేకు మీదికి పోతుండె. ఆలోచన అక్కర్లే.

ఈ పని తెల్వని సార్లు పక్కన కూసొని హుకుం ఇస్తుంటరు. సంస్థల మా మొదటి సారుకు రాజోలి కాడ తుంగభద్ర ఇసుకల బండి దిగబడితే, తొక్కు తొక్కు అనుడే పని. తొక్కిన కొద్ది బండి ఇసుకల కూసుంటది. సారూ, మీరు దిగితే బండి లేస్తది అన్న. అంటే నేను బరువా అన్నడు. నాకు గాదు సారూ, బండికి అన్న. రెండు దినాలు నాతోటి మాట్లాడలే. తర్వాతొచ్చిన సారు మంచోడు, బండి దిగబడితే తనే చెప్పులు ఇడిసి దిగుతుండె. గని మంచి సార్లతోటి గూడ ఒక ముప్పు ఉంటది, అది తర్వాత చెప్త.

కొత్త బండి

సంస్థల ఉన్న పాత జీపు ముసలిదైందని వాళ్ళు కొత్త బండి కొన్నరు. కంపెనీ కెల్లి ఒక పిల్లగాడొచ్చి గంటసేపు చూపిచ్చిండు. నేను కాళ్ళ కింది పట్టా లేపి చూసిన. ఎక్సిలేటర్ వెనక తీగ లేదు. పాత జీపుల మనం తొక్కితే తీగ గుంజుకుంటది, ఇంజన్ లేస్తది, అంతే లెక్క.

"తీగ లేదమ్మా. మీ కాలు ఎంత తొక్కిందో ఇది కంప్యూటర్‌కు చెప్తది. ఎంత ఇయ్యాల్నో కంప్యూటర్ ఇస్తది" అన్నడు.

"అంటే నేను అడుక్కోవాలె, అది పెట్టాలె" అన్న.

నవ్విండు. నవ్వుకు చెప్పలే నేను. లో గేరుల ఇంకా వేరే తీరుగ ఉంటది, ఎత్తు మీదికి పోయి చూపిస్త, ఒక గంట పడ్తది అన్నడు. నేను వద్దన్న. లో గేరు ఏస్తే డీజిల్ తాగుతది, టైర్లు అరుగుతయ్. ఇరవై ఏండ్లు లో గేరుల తోలినదాన్ని, నాకు నువ్వేం చూపిస్తవ్ అని గూడ లోపల ఉండె. పంపిచ్చేసిన. ఇండ్ల లో గేరుకు కడ్డీ లేదు, తిప్పే గుండీ ఉంది; నాలుగు నెలలు దాన్ని ముట్టలే. డాంబరు రోడ్డు, మొరం రోడ్డు, మామూలు గేర్లు. సారు డీజిల్ లెక్క చూసి బుచ్చక్క చేతుల బండి పదిలం అన్నడు. నాకు గర్వమైంది.

పొదుపు అనుకున్న దాన్ని. పొదుపంటే ఉన్నది పారబొయ్యకపోవుడు. తెలుసుకోవాల్సింది తెలుసుకోకుంట మిగిలిచ్చింది పొదుపు ఎట్లైతది?

తాడు పట్టేటోడు

ఆ తప్పు జరిగిన పెంట అడవిల లోతట్టుకుంది. పెంటంటే చెంచోళ్ళ గూడెం, పదీ పన్నెండు ఇండ్లు. పైన రోడ్డు కెల్లి కిందికి ఆరు మలుపుల దారి. అంబులెన్స్ పైననే ఆగుతది. ఎండకాలం, తేనె దినాలు. ముందటి రోజు అకాల వాన పడ్డది.

మేము ఆ పెంటకు పొయ్యేది నెలకోసారి. ఆ దినం నేను, నర్సు సుజాత ఇద్దరమే పోయినం. దారి ఎండినట్టే కనవడ్డది, కిందికి మామూలు గేరుల బ్రేకు మీద బ్రేకు కొట్టుకుంట దిగిన. పిల్లలకు సూదులు ఏస్తున్నం. నడి పగటికి నలుగురు ఒక మనిషిని దుప్పట్ల మోసుకొచ్చిన్రు. ఈదయ్య. తేనె తియ్యడానికి కొండ చరియకు తాడు కట్టుకొని దిగిండంట, పడ్డడు.

చెంచోళ్ళల్ల ఒక కట్టుబాటుంది. తేనెకు దిగేటోని తాడు ఆయన భార్య అన్నగాని తమ్ముడుగాని పట్టాలె. సొంత అన్నదమ్ముల చేతికి గూడ ఇయ్యరు. ఎందుకంటె అక్కచెల్లె తాళి ఎవడూ తెంపడు. ఈదయ్య తాడు పట్టింది ఆయన బావమరిది గురువయ్య. ఆయన దుప్పటి పక్కన నడుచుకుంట వచ్చిండు. రెండు అరచేతులు తోలు లేసిపోయి ఉన్నయ్.

సుజాత ఈదయ్య నడుం ముట్టి చూసింది. కాలి వేళ్ళు కదిలించుమన్నది. రెండు కాళ్ళ వేళ్ళు కదిలినయ్. నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దమ్మా, వెన్నుపూస విరిగినట్టుంది. ఇప్పటికైతే కాళ్ళకు స్పర్శ ఉంది. కుదుపు తగిలితే పోతది. నువ్వు ఎట్ల తోల్తవో నాకు తెల్వదు, కుదుపు మాత్రం రావద్దు."

ఫోన్ కలవదు. మోసుకపోదామంటే ఆ ఎత్తు మీద నలుగురి కాళ్ళు నాలుగు దిక్కుల జారుతయ్, వాన మబ్బు మళ్ల పడుతుంది. బండే నయమనుకున్నం. ఒక ఇంటి తలుపు ఊడబెరికి ఈదయ్యను దాని మీద కట్టినం. తలకు అటు ఇటు బట్టలు చుట్టి పెట్టింది సుజాత. ఈదయ్య భార్య బయమ్మ ఆయన కాళ్ళ కాడ కూసున్నది. గురువయ్య ముందట నా పక్కన.

నాలుగు నెలల తర్వాత లో గేరు గుండీ తిప్పిన.

మూడో మలుపు

మొదటి ఎత్తు మీదనే తెలిసింది ఇది వేరే జంతువని. తొక్కితే ఒక ఊపిరి ఆగి వస్తది, వచ్చేది ఒక్కసారే వస్తది. పాత ఎక్సిలేటర్ జర బిర్రుగ ఉండి కాలును ఆపుతుండె. ఇది దూది లెక్క. గుంతల పడితే నా కాలు ఎగురుతది, కాలు ఎగిరితే ఇంజన్ ఎగురుతది, ఇంజన్ ఎగిరితే ఎనక తలుపు మీదున్న మనిషి ఎగురుతడు. చెప్పు ఇడిసేసి, పాదం పక్కను తలుపు దిక్కు రేకుకు ఆనిచ్చి, మడమ కదలకుంట పెట్టుకున్న. జర నయమైంది. రెండో మలుపు కాడ ఆపితే సుజాత వేళ్ళు చూసింది. కదిలినయ్.

మూడో మలుపుల తడి బండ ఉంది. ఎనక ఎడమ చక్రం జారింది. తిరుగుతుంది, బండి కదుల్తలేదు. నా ఎడమ కాలు అడగకుంటనే పోయి బ్రేకు ఒత్తింది.

ఇంజన్ గొంతు పిసికినట్టు పడిపోయింది.

బండి మూరెడు ఎనకకు జారి, చక్రం గుంతల దబ్బున పడ్డది. ఎనక ఈదయ్య చేసిన సప్పుడు నేను ఇక్కడ రాయలేను.

చక్రం జారినందుకే పోయిందనుకున్న. మళ్ల తొక్కిన, మళ్ల రెండు కాళ్ళు. మళ్ల పడిపోయింది. ఈసారి జారకుంట పట్టుకున్న గని, నాకు అర్థమైతలేదు. ఇరవై ఏండ్లు అన్నం పెట్టిన పని, చెయ్యంగనే బండి చచ్చిపోతుంది. ముందట అద్దం కింద ఇంగ్లీషుల ఏదో ఎలుగుతుంది. నాకు చదవరాదు. సుజాతను చదువుమన్న. ఆమె ముందుకు ఒంగి చదివింది: బ్రేకు, ఎక్సిలేటర్ రెండు ఒక్కసారి ఒత్తిన్రు, అందుకే ఇంజన్ తగ్గించిన అని చెప్తుందంట.

అప్పుడు తెలిసింది. ఈ కంప్యూటర్‌కు బ్రేకు అంటే ఆగుడు ఒక్కటే తెల్సు. రోడ్డు మీద పొరపాటున రెండు ఒత్తినోళ్ళను కాపాడనీకి అట్ల పెట్టిన్రంట. మంచికే పెట్టిన్రు. ఆ మంచి మూడో మలుపుల ఈదయ్య నడుం మీద పడ్డది.

కాలి బ్రేకు ఒత్తితే దానికి తెలుస్తది. హ్యాండ్ బ్రేకు గుంజితే? దానికి వేరే తీగ, సక్కగ ఎనక చక్రాలకే పోతది. హ్యాండ్ బ్రేకు ఏసి పోతున్నవని గంట మోగుతదేమో గని ఇంజన్ బలం తగ్గకపోవచ్చు. అనుకున్న, అంతే; చూసి తెలుసుకున్నది గాదు. చూసే అవకాశం నాలుగు నెలల కింద వద్దన్న.

ఆ బండల్ల స్టీరింగ్‌కు నాకు రెండు చేతులు కావాలె. హ్యాండ్ బ్రేకు ఇంకొకరు పట్టాలె. అది పూర గుంజితే చక్రం ఆగిపోతది, పూర వదిలితే జారుతది. నడుమ, వేలెడు అటు, వేలెడు ఇటు, చక్రం గుంజే లెక్కను బట్టి ఇచ్చుకుంట తీసుకుంట ఉండాలె.

గురువయ్య దిక్కు చూసిన.

"నీ బావను దించేటప్పుడు తాడు ఎట్ల ఇస్తవో అట్ల ఇయ్యాలె. కడ్డీ పైన గుండీ బొటనవేలుతోటి ఒత్తే పట్టుకో, వదిలితే లోపలి పండ్లు పట్టి కడ్డీ ఆడనే ఆగిపోతది" అన్న.

ఆయన చేతులు చూసుకున్నడు. "ఈ చేతులకెల్లే జారిండు బుచ్చక్కా."

"ఇంకో చేతులు ఈడ లెవ్వు."

ఎనకకెల్లి బయమ్మ అన్నది, "పట్టు తమ్మీ."

పట్టిండు. నేను ఎక్సిలేటర్ మీద కాలు ఆనిచ్చి, సన్నగ, ఒక్క తీరుగ ఉంచిన. చక్రం జారబొయ్యేంతల ఆయన చెయ్యి గుంజింది. నేను చెప్పలే, ఆయనకు తెలిసింది. కడ్డీల కెల్లి వచ్చే అదురు ఆయనకు తాడు లెక్కనే ఉన్నదేమో. గంట కుయ్యో కుయ్యోమని మొత్తుకుంటనే ఉంది, ఇంజన్ మాత్రం ఉంది. బండి గుంతలకెల్లి లేసి బండ మీదికి వచ్చింది. ఒక్క కుదుపు లేదు.

నాలుగు, ఐదు, ఆరు మలుపులు అట్లనే ఎక్కినం. ఆయన చేతి నెత్తురుతోటి కడ్డీ తడిసింది. పైకొచ్చి ఆపినంక సుజాత వేళ్ళు చూసింది. ఎడమ కాలివి కదిలినయ్. కుడి కాలివి కదల్లే. మళ్ల చెప్పింది, మళ్ల కదల్లే. ఆడ ఫోన్ కలిస్తే అంబులెన్స్‌ను పిలిచింది. అంబులెన్స్ వాళ్ళకు ఒప్పజెప్పినం.

ఎదురుచూసిన దినాలు

నాగర్‌కర్నూల్ దవాఖాన కెల్లి పట్నం పంపిన్రు. ఆపరేషన్ అన్నరు. మాకు ఇంకేం తెల్వదు. ఇంట్ల కూసుంటే ఈదయ్య సప్పుడే ఇనవడ్తుంది. అందుకని సారునడిగి బండి తీస్కొని శ్రీరంగాపూర్ దిక్కు ఒక రాతి దిబ్బ మీదికి పోయిన. పొద్దంత లో గేరుల ఎక్కిన, దిగిన. నాలుగు నెలల కింద చెయ్యాల్సిన పని అప్పుడు చేసిన.

ఆడ నేర్చుకున్నది ఇది, రాసుకోండ్రి. లో గేరుల మొదటి గేరు ఏసి కాలు పూర తీసెయ్యుండ్రి. సగం ఎత్తులు బండి తనంతట తనే ఎక్కుతది. ఇంజన్ ఆగకుంట కంప్యూటరే సన్నగ డీజిల్ ఇచ్చుకుంటది, మన కాలు కన్న నున్నగ ఇస్తది. తొక్కాల్సొస్తే బండ రాకముందే తొక్కి పెట్టుకోవాలె, బండ మీదికొచ్చినంక అడిగితే ఆలస్యంగ ఇస్తది. చక్రం జారితే ఇంజన్ తగ్గించే గుండీ ఇంకోటి ఉంది. బురదల, ఇసుకల దాన్ని ఆపుకోవాలె, రోడ్డెక్కినంక మళ్ల పెట్టుకోవాలె. చక్రం గాలిల లేస్తే హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు గాదు.

ఖాజా ఉస్తాద్ షెడ్డు ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటుండు. అంత తిప్పలెందుకు పెద్దమ్మా, బ్రేకు కింద లైటు వైరు ఉంటది, ఊడబెరికితే కంప్యూటర్‌కు బ్రేకు ఒత్తింది తెల్వనే తెల్వదు అన్నడు. దిబ్బ మీద అది గూడ చేసి చూసిన. ఇంజన్ రోగమొచ్చినట్టు నీరసపడ్డది, ఎంత తొక్కినా లేవలే, దిబ్బ సగమే ఎక్కింది. పైగ ఎనక ఎర్ర లైటు ఎలగదు. మన ఎనక వచ్చేటోడు మన మీదికే వస్తడు. వైరు పెట్టేసిన. కంప్యూటర్‌ను మోసం చేద్దామనుకోకుండ్రి. దాని కట్టుబాటు ఏందో తెలుసుకొని, దానికి అడ్డం రాని దారిల పోండ్రి.

జరిగింది కాగితం మీద రాసియ్యాలె గద. సారుకు మూడో మలుపు ముచ్చట చెప్పిన. ఆయన ఇని, దారి బాగలేదు, వాన పడ్డది అని రాస్తే చాలు బుచ్చక్కా, నువ్వు లేకుంటె ఆయన బతికేటోడే గాదు అన్నడు. మంచి సార్ల ముప్పు ఇదే. మనం ఒప్పుకోబోతుంటే మన నోరు మెత్తగ మూస్తరు. నేను మూసుకున్న.

నాలుగో దినం గురువయ్య పట్నం కెల్లి వచ్చిండు, చేతులకు కట్లు. పెంట పైన రోడ్డు దాక నా బండిల తీసుకపోయిన. ఆపరేషన్ మంచిగైంది, ఎడమ కాలు బాగుంది, కుడి కాలు సగం మొద్దు అన్నడు. కొండ మీద ఏమైందో అప్పుడు చెప్పిండు. తడి తాడు, మెడ మీద తేనెటీగ కుట్టింది, ఒక చెయ్యి వదిలిండు. ఆ ముచ్చట అంబులెన్స్‌లనే అక్కకు చెప్పిండంట.

"అడగకముందే చెప్పినవా?" అన్న.

"చెప్పాలె గద. చెయ్యి జారింది దాచిపెట్టినోనికి మా తాన ఇంగ ఎవరు తాడియ్యరు" అన్నడు.



తర్వాత పట్నం పోయినప్పుడు డాక్టర్‌ను అడిగిన, పడ్డందుకా, బండిల కుదుపుకా అని. ఏది అని ఎవరు చెప్పలేరమ్మా అన్నడు. చెప్పలేరంటే నేను కాదని గాదు.

చెప్పుకున్న దినం

ఈదయ్య పెంటకు వచ్చేటాళ్ళకు నెలన్నరైంది. చంకల కర్ర పెట్టుకొని నడుస్తుండు, కుడి పాదం ఈడ్చుకుంట. అప్పటికి నా జాగల పనికి రేణుకను తీసుకున్నరు. గద్వాల నేతోళ్ళ పిల్ల. గుంత మగ్గం తొక్కిన కాళ్ళు, ఎంత తొక్కాల్నో అంతే తొక్కుతది. ఆమెకు పని నేర్పే భారం నాకిచ్చిన్రు. మొదటి దినమే మూడో మలుపుకు తీసుకపోయిన. ఖాళీ బండి. సారు డీజిల్ ముచ్చట ఎత్తితే, ఈ లెక్క నన్నడుగుండ్రి అన్న.

ఒక దినం రేణుకను బండి కాడ ఉంచి నేను ఈదయ్య ఇంటికి పోయిన. ఆయన గడప మీద కూసున్నడు, బయమ్మ చాట పట్టుకొని ఉంది. నిలవడే చెప్పిన. మూడో మలుపుల పడ్డ దెబ్బ దారిది గాదు, నాది. బండిని నాలుగు నెలలు ఆ గేరుల చూసుకోలే. డీజిల్ అయితదని. నాకు అన్నీ వచ్చనుకొని.

బయమ్మ చాట కింద పెట్టి లోపలికి పోయింది. మళ్ల బయటికి రాలే. నేను పోయినప్పుడల్ల నీళ్ళియ్యకుంట ఉండని మనిషి.

ఈదయ్య కుడి కాలు దిక్కు చూసిండు. కోపమొచ్చిందో లేదో నాకు తెల్వలే.

"మంగళవారం మళ్ల దవాఖానకు రమ్మన్నరు" అన్నడు.

"నేనే తోల్త, ఇంకో రెండు వారాలు పనిల ఉంట" అన్న.

"ఆ పిల్ల ఎవరు బండి కాడ?"

చెప్పిన.

"మూడో మలుపు ఎన్నిసార్లు ఎక్కింది?"

"పదకొండు సార్లు. ఖాళీ బండితోటి."

"అయితే ఆమెను పంపు" అన్నడు.

సరే అన్న.

మంగళవారం బండి తోటి పైన రోడ్డు దాక పోయి నేను దిగిపోయిన. రేణుక ఒక్కతే కిందికి పోయింది; ఎక్కేటప్పుడు హ్యాండ్ బ్రేకు పట్టనీకి కింద గురువయ్య ఉన్నడు. ముందటి రాత్రి వాన పడ్డది, బండలు మెరుస్తున్నయ్. నేను దారి మొదట్ల రాయి మీద కూసున్న. కింద తలుపు ఏసిన సప్పుడైంది, ఇంజన్ లేసింది. ఒక మలుపు. రెండో మలుపు. మూడో దాని కాడ హ్యాండ్ బ్రేకు గంట సన్నగ మోగింది, నా చేతులు కొంగును మెలిపెట్టినయ్. గంట మోగింది, మోగింది, ఆగింది. ఇంజన్ సప్పుడు ఒక్క తీరుగ పైకి వస్తనే ఉంది.